మా ఇంట్లో ‘హీ’ ఇద్దరం

ఇది వరదొచ్చిన ఏడాది జరిగింది. మంజీర ఏటా పొంగుతుంది, ఆ పొంగు లెక్కలోకి రాదు. నేను చెప్పేది రామాయంపేటలో దుకాణాల్లోకి నీళ్లొచ్చిన వరద, రోడ్లు తెగి మెదక్ నుంచి బస్సులు ఆగిపోయిన వరద. టేక్మాల్ దిక్కు ఒక ఊళ్లో ఆ వానకు ఒకామె ఇల్లు కూలింది. ఆమె మా టౌన్లో ఒక ఇంగ్లీషు మీడియం బడి బస్సులో ఆయాగా ఉండేది. ఇల్లు కూలినాక రావడం మానేసింది. బస్సులో ఆమె పని ఖాళీగా ఉందని మా పక్కింటి జోహా వచ్చి మా కోడలు పెర్సిస్‌తో చెప్పింది.

జోహా అదే బడిలో చిన్నపిల్లలకు చదువు చెబుతుంది. వాళ్ల నాయన జాఫర్ కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. జోహా వచ్చినప్పుడు పెర్సిస్ వరండాలో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతున్నది. ఎదురుగా కుర్చీలో నేనున్నాను.

“అక్కా, పోతవా? పెద్ద చదువేం అడుగరు. పిల్లలతోని ఇంగ్లీషులనే మాట్లాడాలె, గంతే. తల్లిదండ్రులు ఫీజులు కట్టేదే దానికి.”

“నాకు యెస్సు, నో వస్తది. ఇంక థాంక్యూ.”

“నేను నేర్పిస్త గదా. బస్సుల ఏం మాట్లాడతవ్? కూసో, లెవ్వు, వాడు ఏడుస్తుండు, ఆమెకు నీళ్లు కావాలె. గివ్వే. నేను, నువ్వు, వాడు, ఆమె, మేము, వాళ్లు. గిండ్ల ఒక్కొక్కరికి ఒక పని తగిలియ్యాలె. అయిపాయె.”

పెర్సిస్ దారం తెంపి బీడీ చాటలో వేసింది. నా దిక్కు చూసింది. సున్నాలు వేసే పనిలో మూతికి గుడ్డ కట్టుకొని బతికినవాడిని, మాట నాకు మొదటినుంచీ తక్కువ. ఇంటామె పోయినాక ఇంకా తగ్గింది. మూడో తరగతితో బడి మానినవాడిని ఇంగ్లీషు సంగతిలో ఏమంటాను.

ఆమెకు ఇంగ్లీషు మీద మనసు ఎందుకు పడిందో నాకు తెలుసు. నా మనవరాలు స్నేహలత అయిదో తరగతి. కొంచెం ముందు వాళ్ల బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. నా కొడుకు ఫిలిప్‌కు మందుల దుకాణంలో తీరిక లేదని పెర్సిస్ పోయింది. టీచరు ఏదో అడిగితే ఈమె నవ్వి ఊరుకుందట. స్నేహ ముందుకొచ్చి, “మమ్మీకి రాదు మేడం, డాడీకి ఫోన్ చెయ్యుండ్రి” అన్నదట. పిల్ల ఎక్కడ నేర్చింది ఆ మాట? ఇంట్లోనే. ఆ రోజు అన్నాల దగ్గర పెర్సిస్ ఈ సంగతి చెబుతూ, “నేను గూడ జర నేర్చుకుంట” అన్నది. ఫిలిప్ చెయ్యి కడుక్కుంటూ, “నీకెందుకే ఇంగ్లీషు? గిన్నెలు ఇంగ్లీషుల తోముతవా?” అన్నాడు. స్నేహ పకపక నవ్వింది. పెర్సిస్ కూడా నవ్వి గిన్నెలు తీసుకొని లేచింది.

జోహా రోజూ బడి నుంచి రాగానే పిట్టగోడ దగ్గర నిలబడి కొన్ని మాటలు చెప్పిపోయేది. తెల్లారి ఫిలిప్, స్నేహ వెళ్లినాక పెర్సిస్ చాట ముందర కూర్చొని వాటిని నెమరేసేది. ఆకు తీసుకొని ‘ఐ’ అనేది. తంబాకు పోసి చుట్టి ‘వాష్’ అనేది. కొస మడిచి, దారం చుట్టి, చాటలో వేసేది. మళ్లీ ఆకు. ఐ స్వీప్. ఐ కుక్. ఐ బ్రింగ్ వాటర్. మొదట్లో చెయ్యి ఆగితే మాట, మాట ఆగితే చెయ్యి. తర్వాత రెండూ కలిసిపోయాయి.

“మీ ముందర నాకు శరం లేదు మామా,” అన్నదొకసారి. “తప్పు పోయినా మీరేమనరు. ఒప్పైనా అనరనుకో.”

ఉత్తుత్తి మాటలు యాదికుండవు, మీ ఇంట్లో నడిచేదే చెప్పుకో అని జోహా అన్నది. ‘ఐ’ రోజున పెర్సిస్‌కు ఆపడం కష్టమైంది. ఒకటి చెబుతుంటే ఇంకొకటి యాదికొచ్చేది. బియ్యం చెరుగుడును ఏమంటరు, ఇస్త్రీని ఏమంటరు, పిల్ల జడలను ఏమంటరు అని గోడ మీదుగా అడుగుతూనే ఉంది. ‘హీ’ రోజు వచ్చింది. వాడు, ఆయన, ఎవరైనా మగవాడైతే హీ.

“హీ వచ్చిందంటే పని మాట ఎనక ఒక ‘సు’ తగలాలె,” అన్నది జోహా. “ఐ ఈట్, హీ ఈట్సు.”

“ఎందుకట్ల?”

“ఎందుకంటే? రూలు.”

“హీకి ఎప్పటికి ఒకటి ఎక్కువనే పడుతది,” అన్నది పెర్సిస్. “మా ఇంట్ల కూర ముక్కల లెక్క.”

జోహా గోడ పట్టుకొని నవ్వింది. లోపల జాఫర్ మిషను ఆపి, “ఏందే?” అని కేకేశాడు.

తర్వాత పెర్సిస్ హీ మాటలు చెప్పింది. హీ స్లీప్స్. హీ ఈట్స్. హీ గోస్ టు షాప్. హీ కమ్స్. అక్కడ ఆగింది. ఆకు చేతిలోనే ఉంది.

“చెప్పక్కా.”

“ఫోన్ చూస్తడు.”

“హీ సీస్ ఫోన్. ఇంక?”

“ఇంకేముంది.”

“ఇంట్ల ఇంకొక హీ ఉన్నడు గదా,” అని జోహా నన్ను చూపించింది.

పెర్సిస్ నా దిక్కు తిరిగి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, “హీ సిట్స్” అన్నది.

ఇద్దరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. వాళ్లు లోపలికి పోయినాక మాత్రం కుర్చీలో అటూ ఇటూ కదిలాను, మెడ పట్టేసినట్టు.

‘వీ’కి వచ్చేసరికి ఆమెకు మాట దొరకలేదు. మేము. వీ ఈట్ అందామంటే ఆమె అందరి తర్వాత తింటుంది. వీ స్లీప్ అందామంటే ఆమె పడుకునేది అందరి తర్వాత, లేచేది అందరికంటే ముందు. వీ గో? “యాడికి పోతం?” అన్నది. చాలాసేపు చూసి, “వీ ప్రే” అన్నది. ప్రార్థనకు మాత్రం ఇంటిల్లిపాదీ ఒక్కసారే కళ్లు మూసుకుంటాం.

“మా కాడ అది గూడ ఆడోళ్లు వేరే, మొగోళ్లు వేరే,” అన్నది జోహా. “నువ్వే నయమక్కా.”

ఆ దినాల్లో పెర్సిస్ బీడీలు చుడుతూ నాతో మాట్లాడిన మాటలు, ఈ ఇంటికి వచ్చిన ఇన్నేళ్లలో మాట్లాడినవాటికంటే ఎక్కువ. “మామా, ఒకటి చూసిన,” అన్నది. “ఇంగ్లీషుల పని ఎవలు చేసిండ్రో చెప్పకుంటె మాటనే నిలవడదంట. ఉత్తగ ‘కుక్స్’ అనరాదంట, ముంగట మనిషుండాలెనంట. మరి మనింట్ల నేనేమంట? అన్నమయింది అంట. బట్టలెండినయి అంట. నీళ్లు నిండినయి, ఇల్లూడ్చుడయింది, పిల్లకు జడలయినయి. అన్ని వాటంతల అవే అయినట్టు. ఎవ్వలు అనుమనలే, నేనే అంటున్న.” 

అట్లా అనడం ఎక్కడ అలవాటైందో కూడా ఆమె వెతుక్కున్నది. పెండ్లయి వచ్చిన కొత్తలో, నేను వండిన, నేను ఉతికిన అంటే మా ఇంటామె, “నేను నేను అనకు పిల్లా, చేసింది దేవుడు చూస్తుండు” అనేదట. అది తిట్టు కాదు, మెత్తగానే అనేది. మెల్లమెల్లగా పెర్సిస్ మాటల్లోంచి పెర్సిస్ జారిపోయింది. దేవుడు చూస్తున్నాడు సరే, ఇంట్లోవాళ్లు కూడా చూస్తే ఏమయ్యేదని ఆమెకు అప్పుడు తోచలేదట, ఇప్పుడు తోచింది. బీడీల కార్ఖానాలో కట్టలు చూసే మనిషి సగం కట్టలు బాగలేవని పక్కకు ఏరేస్తాడు, ఏరేసినవి కూడా సాయంత్రానికి పైసలియ్యకుండానే కార్ఖానా సంచిలోకే పోతాయి. అదేందని అడిగితే, “ఫిలిప్‌ను పంపు, ఆయనతోని మాట్లాడుత” అంటాడు. చుట్టిన చేతులు ఇక్కడుంటే జవాబు ఫిలిప్‌కు చెబుతాడట. రేషన్ దుకాణంలో ఫిలిప్ భార్య, బడిలో స్నేహ మమ్మీ, చర్చిలో నా పేరు మీద గాబ్రియేలు కోడలు. ఒక మధ్యాహ్నం చాట ముందర ఒంటరిగా ‘ఐ’ అని, దాని వెనక ఏ పనీ తగిలించకుండా, వట్టి ‘ఐ’ అని ఊరుకుంటే ఏమవుతుందో చూద్దామనిపించిందట. అని చూసిందట. “ఏమో మామా, ఎవలో పిలిచినట్టయింది,” అన్నది నాతో. నేను తల ఊపాను. ఆమె మళ్లీ ఆకు అందుకున్నది.

శుక్రవారం పొద్దున ఆమె జోహాతో కలిసి బడికి పోయింది. ఫిలిప్‌కు చెప్పలేదు. వచ్చేసరికి ఎండెక్కింది. చెప్పులు కూడా విడవకుండా నా కుర్చీ ముందర నిలబడింది.

“బస్సుల ఎక్కిచ్చిండ్రు మామా. మేడం ముంగట కూసున్నది. పిల్లగాళ్లను నింపిండ్రు. మాట్లాడు అన్నది. నాకు ఒక్కటంటె ఒక్కటి యాదికి రాలే. గంతలనే ఒక బుడ్డోడు భళ్లున కక్కిండు. ఇగ నోరొచ్చింది. హీ వామిట్స్ అన్న. యూ సిట్ అన్న, పక్కపిల్లను. షీ క్రైస్. ఐ వాష్, ఐ వాష్ అనుకుంట కడిగిన. మేడం ముక్కు మూసుకొని సోమారం ఏడింటికి రమ్మన్నది.”

ఆమె ముఖం నేనెప్పుడూ చూడని ముఖం.

ఆ సాయంత్రం ఫిలిప్‌కు చెప్పింది. వాడు ఫోన్ బోర్లా పెట్టాడు.

“ఎవన్నడిగి పోయినవ్?”

“అడిగితె పోనియ్యరని.”

“ఇంట్ల కూసోని చేసుకునే పని ఉండంగ, పొద్దుగాల్ల పొద్దుగాల్ల బస్సులెక్కి మందిపిల్లల కక్కులెత్తుడు ఏం ఖర్మ? నా పెండ్లాం ఆయా అంటె దుకాణంల నేనెట్ల నిలవడాలె?”

“వండి పెట్టే పోత. బీడీలు మాపటికి చేస్త.”

“మరి నాయిన? నాయిననెవలు చూస్తరు?” అని నా దిక్కు తిరిగాడు. “ఏం నాయినా?”

పెర్సిస్ కూడా నా దిక్కు చూసింది. నాకు మాట కూడదీసుకోవడానికి కొంచెం సమయం పడుతుంది. వాడు ఆగలేదు. “చూసినవా? నాయినకు గూడ ఇష్టం లేదు,” అని ఫోన్ తీసుకున్నాడు.

ఆమె నన్ను ఇంకొక క్షణం చూసి లోపలికి పోయింది.

శనివారం సాయంత్రం గృహకూడిక మా ఇంట్లో పడింది. మా వాడ క్రైస్తవులం వారానికొకరి ఇంట్లో కూడుకుంటాం. పాట, వాక్యం అయినాక ఎవరి ప్రార్థన మనవి వాళ్లు లేచి చెబుతారు. పాస్టరు అయ్యగారు ప్రార్థిస్తారు, అందరూ ఆమెన్ అంటారు. మాలో ఒక పద్ధతుంది. కూడికలో మనవిగా పెట్టిన సంగతిని మళ్లీ ఎవరూ తవ్వరు. దేవుని చేతిలో పెట్టినట్టే లెక్క. మా వాడ ఎబినేజర్ తన తమ్ముడితో గోడ తగాదాను ముగించింది అట్లాగే. తమ్ముడికి మంచి బుద్ధి ఇవ్వమని మనవి పెట్టాడు, అందరూ ఆమెన్ అన్నారు, తమ్ముడు ఆ తర్వాత నోరెత్తితే దేవునికి ఎదురు మాట్లాడినట్టయింది.

ఆడవాళ్లు చాప మీద, మగవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. పెర్సిస్ చాయ్ కోసం వంటింటి గడపలో నిలబడి ఉంది. ఫిలిప్ లేచాడు.

“అయ్యగారూ, నా భార్య పెర్సిస్ గురించి ప్రార్థన చెయ్యుండ్రి. బయటి పనుల మీద ఆశ పుట్టి మనసు నెమ్మది లేకుంటయింది. ఉన్నదానితోని తృప్తిపడే మనసు దేవుడు ఆమెకు ఇయ్యాలె.”

ఆడవాళ్లు గడప దిక్కు చూసి తలలు దించుకున్నారు. ఎవరో చిన్నగా “ప్రభువా” అన్నారు. నాకు అర్థమైంది. ఇంక ఆమెన్ ఒక్కటే మిగిలింది. అది పడితే సోమవారం లేదు.

“ఇంకెవరికన్న మనవులున్నయా?” అన్నారు అయ్యగారు, అలవాటుగా, కళ్లు మూసుకోబోతూ.

“నాకున్నదయ్యగారూ.”

పెర్సిస్ చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. కొంగు తల మీదికి లాక్కున్నది. మా ఇంట్లో కూడికైనప్పుడు ఆమె మనవి కూడా ఫిలిప్పే చెప్పేవాడు. ఆమె నిలబడి మాట్లాడటం అదే మొదలు. గొంతు సన్నగా వచ్చింది, కానీ ఆగలేదు.

“సోమారం పొద్దుగాల్ల నేను బడి బస్సుల పనికి పోతున్న. ప్రయాణంల పిల్లలకు, నాకు ఏ అపాయం రాకుండ దేవుడు తోడుండాలెనని ప్రార్థన చెయ్యుండ్రి.”

ప్రయాణం పోయేవాళ్ల కోసం చేసే ప్రార్థనను మాలో ఎవరూ కాదనరు. దవాఖానకు పోయేవాళ్లకైనా, హైదరాబాద్ పోయేవాళ్లకైనా అడగడమే ఆలస్యం. అయ్యగారి భార్య అలవాటు కొద్దీ “ఆమెన్” అనేసింది. ఆమె వెనక చాప మీదివాళ్లందరూ అన్నారు. ఎబినేజర్ సగం అని, ఫిలిప్‌ను చూసి మింగేశాడు. అయ్యగారు కళ్లు తెరిచి ఒకసారి ఫిలిప్‌ను, ఒకసారి ఆమెను చూశారు. ఒకే ఇంటి నుంచి రెండు మనవులు, ఒకటి పోనియ్యొద్దని, ఒకటి పోయేదారిలో కాపాడమని.

ఫిలిప్ ఇంకా నిలబడే ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“పోతదంట! అడుగుండ్రి ఆమెను. మా నాయిన రోజు పక్క తడుపుతడు. ఆ దుప్పట్లెవలు ఉతుకుతరో అడుగుండ్రి.”

చాప మీద ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు.

నేను నేల దిక్కు చూశాను. ఏడాది దాటింది నాకు ఈ బాధ మొదలై. ఎవరూ లేవకముందే పెర్సిస్ దుప్పటి తీసి, స్నానాల గదిలో ఉతికి, వంటింట్లో తాడు మీద ఆరేసేది, బయట వేస్తే నలుగురు చూస్తారని. నాతో ఒక్కనాడు ఆ మాట ఎత్తలేదు. చాట ముందర కూర్చొని తాను ఉతికేవన్నీ ఇంగ్లీషులో చెప్పుకునేటప్పుడు చీరలు, చొక్కాలు, పరదాలు, స్నేహ సాక్సులు అన్నీ చెప్పేది. ఆ దుప్పటిని చెప్పలేదు. ఇప్పుడు తల ఎత్తి చూస్తే, ఇందాక మనవి చెప్పినప్పుడు గట్టిగా ఉన్న మనిషి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అవి తన కోసం కాదని నాకు తెలిసింది.

అయ్యగారు లేచి పెద్దవారి ఆరోగ్యం కోసం ప్రార్థించారు. రెండు మనవుల్లో దేన్నీ ముట్టుకోలేదు. చాయ్ వేడివేడిగానే తాగేసి అందరూ వెళ్లిపోయారు. స్నేహ నా పక్కకొచ్చి కూర్చొని నా చేతి వేళ్లు లెక్కపెట్టుకుంటూ ఉండిపోయింది. పెర్సిస్ కప్పులు ఏరుతూ ఫిలిప్ దగ్గర ఆగింది.

“సోమారం పోత,” అన్నది. గొంతు పెంచలేదు.

“నాయిన సంగతి?”

ఆమె కప్పులు తీసుకొని వంటింట్లోకి పోయింది. ఆ జవాబు ఆమె చెప్పవలసింది కాదు.

తెల్లారి ఆదివారం. ఆదివారం మా వాడలో ఎవరూ బట్టలు ఉతకరు. మా ఇంటి ముందరి రోడ్డు మీదుగానే అందరూ చర్చికి పోతారు. నేను లేచేసరికి పక్క తడిసే ఉంది. పెర్సిస్ ఎప్పటిలాగే దుప్పటి కోసం వచ్చింది.

“ఇయ్యుండ్రి మామా.”

“ఉండనీ.”

నేను దుప్పటి ఉండచుట్టి పెట్టుకొని కూర్చున్నాను. చర్చిలో మొదటి గంట కొట్టేదాకా ఆగాను. తర్వాత బకెటు, సబ్బు తీసుకొని బయట వీధి నల్లా దగ్గరికి పోయాను. మోకాళ్లు వంగవు కాబట్టి బండ మీద కూర్చొని కాళ్లు చాపి ఉతికాను. జనం రావడం మొదలైంది. తెల్లచీరలు, చేతుల్లో బైబిళ్లు. అందరూ నడక తగ్గించి, చూడనట్టు చూస్తూ పోయారు. జాఫర్ తలుపు తెరిచి, నన్ను చూసి, సలాం చెప్పి, నీళ్లు పోవడానికి అడ్డంగా ఉన్న తన సైకిల్ పక్కకు జరిపాడు. ఎబినేజర్ మాత్రం ఆగాడు.

“గాబ్రియేలన్నా, ఇయ్యాల ఆదివారం.”

“ఎరుకే.”

“ఏం ఉతుకుతున్నవే?”

“నా పక్క. రాత్రి తడిపిన,” అన్నాను. నలుగురికీ వినబడేటట్టే అన్నాను.

గడపలో పెర్సిస్ నిలబడి ఉంది, చర్చికి తయారై. ఒక అడుగు ముందుకేసింది, తీసుకోవడానికే. మళ్లీ ఆగింది. తలుపు పట్టుకొని అక్కడే నిలబడింది. రాలేదు.

ఆమె పక్కనుంచి ఫిలిప్ వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో, గబగబా.

“నాయినా, ఇజ్జత్ తీస్తున్నవ్. లెవ్వు. లోపలికి నడు. ఆమె ఉతుకుతది.”

దుప్పటి నీళ్లతో బరువెక్కింది, పిండాలంటే ఇద్దరు కావాలి. నేను మెల్లగా లేచి, ఒక కొస నా చేతికి చుట్టుకొని, రెండో కొస వాడి ముందుకు చాపాను.

“పట్టు,” అన్నాను.

నీళ్లు వాడి బూట్ల మీద కారుతున్నాయి. రోడ్డు మీద జనం పోతున్నారు. నేను చెయ్యి దించలేదు.